పదో గీతకు అందని డీజిల్

రెండో పంపు దగ్గర పనిచేసే ఆవిడని బంకులో అందరూ జీరో అక్క అంటారు. నాజిల్ చేతిలోకి తీసుకున్నాక, బండివాడు ఎంతటివాడైనా సరే, "జీరో చూసుకోండి" అనకుండా ఆమె ట్యాంకులో చుక్క పోయదు. పదకొండేళ్ళుగా రోజుకు మూడు నాలుగు వందలసార్లు అంటోంది. ఒకసారి నిద్రలో కూడా అందని అత్తగారు చెబుతుంది. దానికి తన కొడుకు నిద్రలోనే "చూశాను, కొట్టండి" అన్నాడని కూడా చెబుతుంది గానీ, అందులో సగం అత్తగారి కల్పన.

పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె షిఫ్టు. బిళ్ళ కుట్టిన నీలం చొక్కా, చెవుల దాకా దిగే టోపీ, ఎంత రుద్దినా గోళ్ళను వదలని డీజిల్ వాసన. పని కష్టమైంది కాదు. నిలబడాలి, పోయాలి, తిట్లు తినాలి. మొదటి రెండూ నెల రోజుల్లో వచ్చేశాయి. మూడోదానికి ఏడాది పట్టింది.

ధర పెరిగిన రోజున కార్లవాళ్ళు అద్దం రెండు వేళ్ళంత దించి, ఆ సందులోంచి "ఏంటమ్మా, మళ్ళీ పెంచేశావా?" అంటారు, పొద్దున్నే పళ్ళు తోముకుని తీరిగ్గా ఆవిడే పెంచి వచ్చినట్టు. స్కూటర్లవాళ్ళు మీటరు తిరుగుతుంటే తమ ఒంట్లోంచి రక్తం తీస్తున్నట్టు చూస్తారు. టాక్సీవాళ్ళు "నాలుగు వందల తొంభై మూడుకి కొట్టు" అంటారు. సమంగా అయిదు వందలంటే మిషను మోసం చేస్తుందని వాళ్ళ నమ్మకం. లారీవాళ్ళు ఏమీ అనరు, నిట్టూరుస్తారు. దానికన్నా తిట్టే నయం.

అందరిలోకీ ట్రాలీ నడిపే పెద్దాయన తీరు వేరు. ఆయన ఆవిడని తిట్టడు. మిషనుకి ఎదురుగా నిలబడి, "నీ నోట్లో మన్ను పడ, నీ గొట్టం తుప్పు పట్ట, నీ ఆకలి తీరదటే" అని, ఎక్కడా తడబడకుండా ఒక నిమిషం పాటు అందుకుంటాడు. అయిపోగానే ఆవిడ వైపు తిరిగి, "ఇంట్లో అంతా కులాసానా అమ్మా?" అంటాడు. ఆయన తిట్లు వినడానికి మూడో పంపు కుర్రాళ్ళు పని ఆపి వచ్చిన రోజులున్నాయి.

నాజిల్‌ని తిరిగి హుక్కుకు తగిలించేదాకా ఎవరికీ జవాబు చెప్పకూడదని ఆమె నియమం. అది తగిలించేసరికి వెనకవాడు హారన్ కొడతాడు. తిట్టినవాడు కదలక తప్పదు. ఈ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బయటివాళ్ళ తిట్లయితే ఆమె అక్కడే వదిలేసి వచ్చేది. చిక్కంతా ఇంట్లో ఉంది. మొగుడు కూడా ట్రాలీ డ్రైవరే.

అతను బీరువాలు, సిమెంటు బస్తాలు, ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు తోలుతాడు. పదకొండేళ్ళ కిందట ఒక బీరువా దించబోతే అది అతని కాలు మీదికి దిగింది. అయిదు నెలలు మంచం మీద ఉన్నాడు. అప్పుడే ఆవిడ బంకులో చేరింది. కాలు అతుక్కుంది, బండి మళ్ళీ రోడ్డెక్కింది, "ఇంక మానెయ్" అన్నాడు. "రేపు మానేస్తాను" అంది. ఆ రేపు ఇంకా రాలేదు.

బంకు లోపలికొచ్చాక మొగుడూ పెళ్ళామూ లేరని ఇద్దరికీ ఒప్పందం. ఇంటి తాళంచెవి ఎవరు పోగొట్టారన్న విషయం మీద ఒకసారి పంపు దగ్గరే వాదించుకుంటే, వెనక పదిహేడు బళ్ళు ఆగిపోయాయి. అప్పటినుంచి అతను "మేడమ్, పది లీటర్లు" అంటాడు. ఆమె "జీరో చూసుకోండి సార్" అంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి వీళ్ళు భార్యాభర్తలని తెలియడానికి కనీసం నెల పడుతుంది.

ట్రాలీ స్టాండులో అతని పేరు స్కేలు. బండిలో మీటరు ముల్లు ఎప్పుడూ నిజం చెప్పదని అతని సిద్ధాంతం. బండి కొత్తలో ఒక రోజంతా కూర్చుని, ఇంటి ముందు సిమెంటు వాకిట్లో, రిజర్వు లైటు వెలిగిన ట్యాంకులో లీటరు తర్వాత లీటరు కొలిచి పోసి, ప్రతి లీటరుకీ ఒక కర్ర ముంచి తీసి, తడి ఎంతదాకా వచ్చిందో అక్కడ చాకుతో గీత పెట్టాడు. మూతలోంచి కర్ర దించి తీస్తే చాలు, ఎన్ని లీటర్లున్నాయో చెప్పేస్తుంది. స్టాండులో ముప్పై రెండు బళ్ళూ ఒకే కంపెనీవి కాబట్టి అదే కర్ర అందరికీ పనికొచ్చింది. రానురాను అది అతని సీటు వెనక నుంచి స్టాండులో గోడ మేకుకి మారింది. కొలిపించుకున్నవాళ్ళు టీ తాగించేవారు.

ఆ ఏడు ఎండలు మొదలైనప్పటినుంచి డీజిల్ ధర ఊపిరి సలపనివ్వలేదు. వారానికోసారి చిల్లర చిల్లరగా ఎక్కేది. ఆ చిల్లరే నెల తిరిగేసరికి నోటయింది. బాడుగ పెంచుదామంటే సామానువాళ్ళు ఇంకో స్టాండుకి పోతామంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టాండులో ఇంకో కబురు పుట్టింది. పది లీటర్లు పోయిస్తే కర్ర మీద తొమ్మిదో గీత దాకానే తడుస్తోంది.

మొదట కనిపెట్టింది స్కేలే. రిజర్వు లైటు వెలిగాక బంకుకెళ్ళి పది పోయించాడు. స్టాండుకొచ్చి కర్ర దించాడు. తొమ్మిది. తుడిచి మళ్ళీ దించాడు. తొమ్మిది. పక్క బండివాడిదీ తొమ్మిది. పెద్దాయనది తొమ్మిదికి కూడా వెంట్రుకవాసి తక్కువ. వారం రోజుల్లో ముప్పై రెండు బళ్ళూ కొలిచారు. ఒక్కటి పదికి వస్తే ఒట్టు.

"ధర పెంచితే పెంచారు, కొలత కూడా కోస్తారా?" అన్నారు స్టాండులో.

"ఏ పంపు?" అన్నాడొకడు.

అందరూ స్కేలు వంక చూశారు. స్టాండు బళ్ళన్నీ రెండో పంపులోనే పోయించుకుంటాయి. అతను తుడుచుకున్న కర్రనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"పంపు ఎవరిదైతే ఏంటి? న్యాయం న్యాయమే. నేనే వెళ్ళి అడుగుతాను" అన్నాడు. అనకపోతే ఆ స్టాండులో తల ఎత్తుకోలేడు. అన్నాక ఇంట్లో ఎలా తల ఎత్తుకోవాలో అప్పటికి ఆలోచించలేదు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి పన్నెండు ట్రాలీలు వరసకట్టి బంకులోకి వచ్చాయి. ముందు బండిలోంచి స్కేలు దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొద్దున ఆవిడే ఇస్త్రీ చేసిచ్చింది, ఎందుకో తెలియక.

"మేడమ్, అయిదు లీటర్ల డబ్బా తెప్పించండి. కొలత చూడాలి" అన్నాడు.

కొలత మీద అనుమానమొస్తే ఎవరైనా అడగొచ్చు. అడిగితే ముద్ర వేసిన ఇత్తడి డబ్బా తెచ్చి, అందులో అయిదు లీటర్లు పోసి చూపించాలి. ఆమె పదకొండేళ్ళలో ఇలాంటివి ఇరవై చూసింది. కానీ తను ఇస్త్రీ చేసిన చొక్కా వచ్చి అడగడం ఇదే మొదలు.

"తప్పకుండా సార్" అంది. చెవులు మాత్రం వేడెక్కాయి.

మేనేజరు డబ్బా తెచ్చి నేల మీద పెట్టాడు. పెద్దగా మాట్లాడని మనిషి. ఆమె జీరో చూపించి అయిదు లీటర్లు పోసింది. డబ్బా మెడ మీద ఒక గీత ఉంటుంది. డీజిల్ ఆ గీత దగ్గరికొచ్చి, వాకిట్లో చుట్టం ఆగినట్టు ఆగింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. స్కేలు నేల మీద మోకాళ్ళూనుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను గీతకు ఆనించినంత పని చేసి చూశాడు. చుట్టూ మిగతా పదకొండు మందీ మెడలు చాచారు.

"సరిగ్గానే ఉంది" అన్నాడు చివరికి, పన్ను పీకించుకున్నవాడిలా.

"డబ్బా వాళ్ళదే కదా" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ముద్ర చూడు, ప్రభుత్వానిది."

"మిషను తెలివైంది బాబూ. డబ్బాని చూస్తే బుద్ధిగా ఉంటుంది. మన ట్యాంకుని చూస్తేనే పాడు బుద్ధి పుడుతుంది."

అది నవ్వులాటకి అన్నమాటే. కానీ ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కూడా ఆ రోజు మిషనుని తిట్టలేదు. ఆవిడ వంక చూసి, కళ్ళు దించుకున్నాడు. తిట్టుకన్నా అది ఎక్కువ గుచ్చుకుంది.

"డబ్బా మాట డబ్బాది, కర్ర మాట కర్రది" అన్నాడు స్కేలు లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "సోమవారం నుంచి స్టాండు బళ్ళు బైపాస్ బంకుకి వెళతాయి."

బైపాస్ బంకు అక్కడికి అయిదు కిలోమీటర్లు. పోనూ రానూ పది. డీజిల్ ఆదా కోసం డీజిల్ తగలేసుకుంటూ వెళ్ళడం ఎవరికీ తప్పుగా తోచలేదు. అంత కోపంలో ఉన్నారు.

వాళ్ళు వెళ్ళాక మేనేజరు డబ్బా కడిగించి, ఆవిడని లోపలికి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటే కబురు బాగాలేదని అర్థం.

"రెండో పంపు పొద్దుటి అమ్మకంలో ముప్పాతిక స్టాండు బళ్ళే అమ్మా. వాళ్ళు పోతే ఆ షిఫ్టుకి మనిషి అక్కర్లేదు. ఓనరు అడిగితే నేను లేదని చెప్పలేను."

"కొలత సరిగ్గానే ఉంది కదా సార్."

"ఉంది. అది నాకు తెలుసు, నీకు తెలుసు, డబ్బాకి తెలుసు. వాళ్ళకి తెలియాలిగా" అని కాగితాల్లో తల దూర్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. అత్తగారు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, కొడుకునే ఎంచుకుంది.

"ఏరా, పెళ్ళాన్ని పదిమందిలో దొంగని చేసొచ్చావట?"

"నేను పంపునే అన్నానమ్మా, మనిషినన్నానా?"

"పంపుకి జీతం ఇస్తున్నారా, దీనికిస్తున్నారా?"

అతను నీళ్ళు తాగాడు. దాహం లేకపోయినా ఇంకో గ్లాసు కూడా తాగాడు. ఆవిడ ఇస్త్రీ పెట్టె తీసి బీరువా మీద, అతనికి అందనంత ఎత్తున పెట్టింది. శుక్ర, శనివారాలు అతను ముడతల చొక్కాలోనే బండెక్కాడు.

ఆదివారం ఆవిడకు సెలవు. పది గంటలకి చూస్తే మొగుడి ఫోను కిటికీలో మోగుతోంది, మరిచిపోయి వెళ్ళాడు. సామానువాళ్ళెవరో నాలుగుసార్లు చేశారు. బాడుగ పోతుందేమోనని, కోపం పక్కన పెట్టి, ఫోను పట్టుకుని ఆవిడే స్టాండుకి నడిచింది.

స్టాండు పాత చోటులో లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని నెలా పదిహేను రోజుల కిందట తరిమేస్తే, వీధి చివర మూతపడ్డ గోడౌను ముందుకు మారారు. అక్కడ ఎత్తైన గోడ నీడ ఉంది. ఒకప్పుడు లారీలు వెనక్కి వచ్చి సరుకు దించుకునే వాలు చప్టా ఉంది. ట్రాలీలన్నీ నీడ కోసం మూతులు గోడకి ఆనించి, చప్టా మీద బారుగా నిలబడ్డాయి. మారారని ఆమె వినడమే గానీ చూడడం అదే మొదలు.

"అదిగో, మీ ఆవిడ" అన్నారెవరో. స్కేలు ముఖం ముడతల చొక్కాకి సరిపోయింది. అంతలోనే తేరుకున్నాడు. పదిమందీ చూస్తున్నారు.

"సమయానికి వచ్చావు. పొద్దున్నే మీ బంకులో పది పోయించా. రిజర్వు లైటు వెలిగాకే. నీ కళ్ళతో చూడు" అని కర్ర తీసి ట్యాంకులో దించి, పైకి తీసి ఆమె ముందు పెట్టాడు. తడి తొమ్మిదో గీత దగ్గర ఆగింది. "ఇప్పుడేమంటావు?"

ఆమె కర్ర వంక ఒక్క క్షణమే చూసింది. తర్వాత బండి వంక చూసింది. ముందు చక్రాలు ఎక్కడున్నాయో, వెనక చక్రాలు ఎక్కడున్నాయో చూసింది. ఆ పక్క బండిని చూసింది. దాని పక్కదాన్నీ చూసింది. బళ్ళన్నీ ఆకాశంలోకి ముక్కులెత్తి ఉన్నాయి. మూత ట్యాంకుకి ముందు కొసన ఉంటుంది. కర్ర దిగేది అక్కడే.

బంకుకి ట్యాంకరు లోడు వచ్చినప్పుడల్లా మేనేజరు దాన్ని చదునైన చప్టా మీద నిలబెట్టించి, ఇరవై నిమిషాలు కదలనివ్వడు. చక్రం కింద చిన్న రాయి ఉన్నా ఊరుకోడు. ఆ తర్వాతే ఇనప కడ్డీ దించి కొలత తీస్తాడు. పదకొండేళ్ళలో ఆమె అది వెయ్యిసార్లు చూసి ఉంటుంది. ఒకసారి డ్రైవరు తొందరపడి వంకరగా నిలబెట్టిన లోడులో రెండు వందల లీటర్లు మాయమైతే, సరిగ్గా నిలబెట్టగానే అవి ఎక్కడికీ పోలేదని తేలింది.

నోటిదాకా వచ్చింది. చెబితే అక్కడికక్కడే అయిపోయేది. కానీ చెప్పేది ఎవరు? దొంగ పంపు మనిషి. వినేది ఎవరు? ముప్పై మంది. మధ్యలో కర్ర పట్టుకుని నిలబడ్డది తన మొగుడు.

"ఫోను మరిచిపోయారు" అని చేతికిచ్చింది. "భోజనానికి రండి. వచ్చేటప్పుడు ఆ కర్ర కూడా తీసుకురండి."

"కర్రెందుకు?"

"అత్తయ్య అడిగింది."

అత్తయ్య అడగలేదు. కానీ అతను ఎదురు ప్రశ్న వెయ్యని పేరు లోకంలో అదొక్కటే.

మధ్యాహ్నం అతను బండి తెచ్చి సిమెంటు వాకిట్లో ఆపాడు. దిగుతూనే "అమ్మా, కర్రెందుకు?" అన్నాడు. అత్తగారు కోడలి ముఖం చూసింది. ఆవిడ ఆ ముఖంలో ఏం చదువుకుందో గానీ, "కొలిచి చూపించరా. ఊరందరికీ చూపిస్తావు, కన్నతల్లికి చూపించవా?" అంది.

"ఆదివారం పూట కూడా ఇదేనా?"

"అన్నం చల్లారుతోంది. త్వరగా కానీ."

అతను విసుక్కుంటూ మూత తీసి కర్ర దించాడు. తీశాడు. చూశాడు. చొక్కా చివరతో తుడిచి మళ్ళీ దించాడు. ఈసారి ఎండలోకి తిప్పి చూశాడు. తడి తొమ్మిది దాటి, పదో గీతకి బెత్తెడు కాదు, గోరంత దూరంలో ఉంది.

"పొద్దున తొమ్మిదే ఉంది" అన్నాడు.

"ఊఁ" అంది ఆవిడ, గుమ్మం దగ్గర నిలబడి.

"నడుపుకుంటూ వచ్చాను కూడా."

"ఊఁ."

"నడిపితే తగ్గాలి. పెరిగిందేంటి?"

"ఎండకి పొంగిందేమోరా" అంది తల్లి. ఆవిడకి నిజంగానే ఏమీ తెలియదు. "పాలు పొంగవూ?"

అతను ఆ మాటని కూడా తీసిపారెయ్యకుండా కాసేపు ఆలోచించాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు. భార్య సాయం రాలేదు. గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, అతను ట్యాంకుతో పడే తంటాలు చూస్తూ నిలబడింది. ఈ మూడు రోజుల్లో ఆమెకి దొరికిన మొదటి సుఖం అది.

చివరికి అతను కాళ్ళు కడుక్కోవడానికి బకెట్టు దగ్గరికెళ్ళాడు. సగం నీళ్ళున్న బకెట్టుని కాళ్ళ మీదికి వంచాడు. వంచినవాడు అలాగే ఆగిపోయాడు. నీళ్ళు కిందికి ఉన్న అంచుకి చేరాయి. పైకి లేచిన అంచు దగ్గర బకెట్టు అడుగు కనిపిస్తోంది. నిటారుగా పెట్టాడు. నీళ్ళు సగానికొచ్చాయి. మళ్ళీ వంచాడు. మళ్ళీ పెట్టాడు.

"గోడౌను చప్టా" అన్నాడు, బకెట్టుతోనే చెబుతున్నట్టు.

"ఊఁ" అంది ఆవిడ మూడోసారి.

"నీకు తెలుసా?"

"పొద్దున చూశాను."

"మరి అక్కడే చెప్పొచ్చుగా."

"చెప్పనా? ఇప్పుడు వెళ్ళి చెప్పి రానా?"

అతను బకెట్టు కింద పెట్టి, వాకిట్లోనే గట్టు మీద కూలబడ్డాడు. గాలి తీసిన ట్యూబులా ఉన్నాడు. గీతలు పెట్టినప్పుడు బండి సమంగా ఉండాలని ఈ వాకిలిని ఏరి కోరి ఎంచుకున్నది తనే. అప్పుడు వాకిట్లో నీళ్ళు పోసి, ఎటూ పారలేదని చూసుకుని మరీ బండి పెట్టాడు. స్టాండు మారినప్పుడు మాత్రం నీడ బాగుందని చూశాడు గానీ, నేల చూడలేదు.

"నేను చెప్పలేను" అన్నాడు. "స్టాండంతటినీ ఎగదోసింది నేనే. పరువు గోడ మేకుకి తగిలించి రావాలి."

"చెప్పకండి. స్టాండు బళ్ళు పోతే నాకు షిఫ్టు ఉండదని మేనేజరు చెప్పేశాడు. హాయిగా ఇంట్లోనే ఉంటాను. నేనూ అత్తయ్యా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవడానికి మీరు తప్ప మాకు ఇంకో విషయం లేదు."

తల్లి లోపలి నుంచి "నాకు చాలా ఉన్నాయి చెప్పడానికి, వాడు చిన్నప్పటినుంచి" అంది.

అతను లేచి లోపలికొచ్చి అన్నం తిన్నాడు. షిఫ్టు ఉండదన్న మాట మాత్రం అతనికి కొత్త. తింటూ మధ్యలో రెండుసార్లు ఆవిడ చేతుల వంక చూశాడు. కాలు విరిగిన అయిదు నెలలూ ఆ చేతులే ఇల్లు నడిపాయన్న సంగతి అతనికి గుర్తుందో లేదో ఆమెకు తెలియదు. అతను ఎప్పుడూ అనలేదు, ఆమె అడగలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి ఆమె బంకుకి వచ్చేసరికి ధర మళ్ళీ పెరిగి ఉంది. మూడో పంపు దగ్గర స్కూటర్లు, నాలుగో పంపు దగ్గర కార్లు. రెండో పంపు దగ్గర ఎవరూ లేరు. ఆరున్నర. ఏడు. మామూలుగా ఆ వేళకి పదిహేను ట్రాలీలైనా వచ్చి ఉండేవి. ఆమె మిషనుని తుడిచింది. తుడిచిన మిషనునే మళ్ళీ తుడిచింది. ఏడున్నరకి మేనేజరు అద్దంలోంచి చూసి, చూడనట్టు తిరిగాడు. ఆవిడ నాజిల్ తీసి, దాని మూతికి లేని మసిని గోటితో గీకింది.

ఎనిమిది కావస్తుండగా వీధి మలుపులో ట్రాలీ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు బైపాస్ వైపు తిరుగుతుందా, ఇటు తిరుగుతుందా అని ఆమె తల ఎత్తకుండానే విన్నది. ఇటే తిరిగింది. ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి.

ముందు బండి స్టాండులో కూరగాయలు తోలే డ్రైవరుది. దిగి, చేతులు నలుపుకుంటూ, "పది కొట్టక్కా" అన్నాడు. ఆవిడ జీరో చూపించి మొదలుపెట్టింది.

"మీ ఆయన బుర్రే బుర్ర అక్కా" అన్నాడు. "పొద్దున్నే అందరినీ నిలబెట్టాడు. బండి చప్టా మీద కొలిచి చూపించాడు, తొమ్మిది. రోడ్డు మీదికి దించి కొలిచాడు, పది. మా అందరికీ మతి పోయింది. తర్వాత బకెట్టు పెట్టి పాఠం చెప్పాడు. చెప్పి, తప్పు నాదేనన్నాడు. మిమ్మల్నందరినీ తిప్పించింది నేనేనన్నాడు. ఎవరూ నవ్వలేదక్కా. కొంచెం నవ్వామనుకో."

అతను తప్పు నాదే అన్నాడని వినగానే ఆవిడ చేతిలో నాజిల్ కొంచెం వదులైంది. సొంత తెలివి కింద చెప్పుకుంటాడని అనుకుంది. అలా చెప్పుకున్నా ఊరుకుందామని రాత్రే నిర్ణయించుకుంది కూడా.

"బకెట్టు ఎక్కడి నుంచి తెచ్చాడు?" అంది.

"ఇంటి నుంచే. నీలం రంగుది."

పొద్దున స్నానానికి బకెట్టు కనిపించక అత్తగారు ఇల్లంతా ఎందుకు వెతికిందో ఇప్పుడు తెలిసింది.

వరసగా బళ్ళు కదిలాయి. కొందరు నేల చూపులు చూశారు, కొందరు అవసరం లేకుండా నవ్వారు. అద్దాల గదిలోంచి మేనేజరు బయటికొచ్చి, లైను పొడవు చూసి, "మధ్యాహ్నం లోడు వస్తుందమ్మా, రెండు గంటలకి ఇంకో పావుగంట ఉండి వెళ్ళు" అన్నాడు. అంటే రేపు కూడా రమ్మని. ఆయన అంతకన్నా వివరంగా చెప్పే మనిషి కాదు.

ఎనిమిదో బండి పెద్దాయనది. ఆయన దిగి, మిషనుకి ఎదురుగా తన చోటులో నిలబడ్డాడు. కొత్త ధర చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మూడో పంపు కుర్రాళ్ళు చెవులు ఇటు వేశారు. ఆవిడ పోస్తూనే ఉంది. మీటరు తిరిగింది, ఆగింది. నాజిల్ హుక్కుకి తగిలించినా ఆయన నోరు తెరవలేదు.

"ఏం బాబాయ్, ఈవేళ ఏమీ లేదా?" అంది.

ఆయన మిషను మీద అరచెయ్యి వేసి, పశువుని నిమిరినట్టు నిమిరాడు.

"పోనీ దొంగతనం మీదే అయినా బాగుండేదమ్మా" అన్నాడు. "ఈ బంకు కాకపోతే ఇంకో బంకు అనుకునేవాళ్ళం. కొలత సరిగ్గానే ఉందని తేలిపోయింది. మరి ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?"

ఆవిడ టోపీ పైకి జరుపుకుని ఆయన వంక చూసింది. పదకొండేళ్ళలో అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

"నన్ను తిట్టు బాబాయ్. ఎలాగూ అలవాటే."

ఆయన నిజంగానే ప్రయత్నించాడు. కళ్ళు చిట్లించి, గడ్డం గోక్కుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆవిడని టోపీ నుంచి చెప్పుల దాకా చూశాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి.

"రావడంలేదమ్మా" అన్నాడు.

వెనక నుంచి పొడుగ్గా హారన్ మోగింది. ముడతల చొక్కా చెయ్యి ఒకటి ట్రాలీ కిటికీలోంచి బయటికొచ్చింది.

"పెద్దాయనా, వచ్చినప్పుడు తిట్టుకుందువుగాని, బండి ముందుకి తియ్యి. మేడమ్ కోసం లైనంతా ఆగింది."